జొంజులో రెండు రోజులు: ముందు భోజనాలు, తర్వాతే చూసే చోట్లు

కంపెనీ పని మీదో, చదువు కోసమో కొరియా వెళ్ళిన మనవాళ్ళు సెలవు దొరికితే సియోల్‌లో రాజభవనాలు చూస్తారు, లేదంటే రైలెక్కి బుసాన్ సముద్రానికి పోతారు. రెండూ మంచివే. తిండి మీద మమకారం ఉన్నవాళ్ళకి మాత్రం శని, ఆదివారాలకి సరిగ్గా సరిపోయే ఊరు ఇంకోటుంది. దాని పేరు జొంజు. సియోల్‌కి దక్షిణాన, వరి బాగా పండే జొల్లా ప్రాంతంలో ఉంది. అన్నం మీద రకరకాల కూరలు పెట్టి కలుపుకుని తినే బిబింబాప్ అనగానే కొరియావాళ్ళకి గుర్తొచ్చేది ఈ ఊరే. 2012లో యునెస్కో దీన్ని ఆహార నగరంగా గుర్తించింది. చూడాల్సినవి చాలావరకు నడిచి వెళ్ళే దూరంలోనే ఉంటాయి.

అందుకే ఇక్కడికి వెళ్ళేటప్పుడు మామూలు పద్ధతి పనికిరాదు. చూసే చోట్లన్నీ రాసుకుని, మధ్యలో ఎక్కడో ఒకచోట తినేద్దాం అనుకుంటే, తీరా ఆకలేసే వేళకి పేరున్న హోటల్ ముందు గంటసేపు నిలబడే ఓపిక ఉండదు. కాబట్టి కాగితం మీద మొదట మూడు భోజనాలు రాసుకోండి: శనివారం మధ్యాహ్నం, శనివారం రాత్రి, ఆదివారం పొద్దున. మిగతావన్నీ ఆ మూడింటి మధ్య ఖాళీల్లో వాటంతటవే సర్దుకుంటాయి.

ఎప్పుడు వెళ్ళాలి

అక్టోబర్, నవంబర్ మొదటి సగం అన్నిటికంటే మంచి కాలం. ఏప్రిల్ కూడా బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో వానలు, ఉక్కపోత. మనకి ఎండలు అలవాటే అనుకుంటాం కానీ, ఆ ఉక్కలో రోజంతా నడవడం వేరే సంగతి. జనవరిలో చలి సున్నా కిందకి దిగుతుంది.

తప్పించుకోవాల్సిన తేదీలు రెండు రకాలు. ఒకటి, చూసొక్ (శరదృతువులో వచ్చే పంటల పండగ), సొల్లాల్ (చాంద్రమానం ప్రకారం కొత్త సంవత్సరం) పండగలు. అప్పుడు దేశమంతా సొంతూళ్ళకి కదులుతుంది. మన సంక్రాంతి రద్దీ తెలిసినవాళ్ళకి ఇంకా వివరంగా చెప్పక్కర్లేదు. రైలు టికెట్లు దొరకవు, దొరికినా చాలా హోటళ్ళు మూసుంటాయి. రెండోది, ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారాల దాకా జరిగే జొంజు అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 2000లో మొదలైన ఈ ఉత్సవానికి బయటి ఊళ్ళ నుంచి బోలెడుమంది వస్తారు. సినిమాల కోసం వెళ్తే సరే, తిండి కోసమైతే ఆ రోజుల్లో గదుల వేట అనవసరపు టెన్షన్.

వీసా, డబ్బు, ఫోను

భారత పాస్‌పోర్టుకి కొరియా వీసా తప్పనిసరి. కే-ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి మనకి వర్తించదు, ఎవరైనా అది చాలని చెబితే నమ్మకండి. వీసా చేతికొచ్చాక, ప్రయాణానికి ముందు ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపండి. ప్రభుత్వ సైట్‌లో అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదని అర్థం.

వెయ్యి వాన్ అంటే మన డబ్బుల్లో అటూఇటూగా అరవై రూపాయలు. కార్డులు దాదాపు అన్నిచోట్లా నడుస్తాయి. అయినా సంతలో చిరుతిళ్ళకి, టీ-మనీ ప్రయాణ కార్డు నింపుకోడానికి కొంత నగదు ఉంచుకోండి. ఫోనులో నేవర్ మ్యాప్, పపాగో అనువాద యాప్ రెండూ వేసుకోండి. కొరియాలో నడక దారులకి గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుంటే ఇబ్బంది పడతారు.

టికెట్లు

సియోల్‌లోని యోంగ్సాన్ స్టేషన్ నుంచి జొంజుకి కేటీఎక్స్ అనే వేగపు రైళ్ళున్నాయి. గంటా నలభై నిమిషాలు, కాస్త అటూఇటూ. ఒకవైపు టికెట్ సుమారు 35,000 వాన్. బుకింగ్ నెల ముందే తెరుస్తారు. శనివారం పొద్దున వెళ్ళే రైళ్ళు, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చే రైళ్ళు త్వరగా నిండిపోతాయి కాబట్టి తేదీ ఖాయం కాగానే రెండు వైపులా ఒకేసారి తీసుకోండి.

రైలు దొరక్కపోతే బస్సు. దానికేం తక్కువ కాదు. సియోల్ ఎక్స్‌ప్రెస్ బస్ టెర్మినల్ మెట్రో స్టేషన్‌లో దిగితే పైన రెండు టెర్మినళ్ళు పక్కపక్కనే ఉంటాయి. జొంజు బస్సులు హోనామ్ లైన్ వైపు, అంటే సెంట్రల్ సిటీ టెర్మినల్‌లో ఉంటాయి. ట్రాఫిక్ లేకపోతే మూడు గంటల్లోపే దింపుతాయి, ఛార్జీ రైలు కంటే బాగా తక్కువ. సీట్లు వెడల్పుగా ఉంటాయి, నిద్రపోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జొంజు, చొంగ్‌జు, జింజు, జేజు: ఇవన్నీ వేర్వేరు ఊళ్ళు. ఇంగ్లీషు స్పెల్లింగులో మరీ దగ్గరగా కనిపిస్తాయి. టికెట్ కొనేముందు ఊరి పేరు ఒక్కో అక్షరం సరిచూసుకోండి. కౌంటర్ దగ్గరైతే నోటితో చెప్పడం కంటే ఫోనులో కొరియా లిపిలో పేరు చూపించడం మేలు.

ఎక్కడ పడుకోవాలి

హానోక్ గ్రామంలోనే, హానోక్‌లోనే ఒక రాత్రి ఉండండి. హానోక్ అంటే పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, కాగితం అతికించిన తలుపులున్న పాతకాలపు కొరియా ఇల్లు. ఇలాంటివి ఏడు వందలకి పైగా ఈ ఒక్క పేటలో ఉన్నాయి. జపాన్ పాలనలో కోట గోడలు పడగొట్టాక జపాన్ వ్యాపారులు ఊరి లోపలికి విస్తరించారు. దానికి ఎదురుగా 1930ల ప్రాంతంలో కొరియన్లు తమ పద్ధతి ఇళ్ళు వరసగా కట్టుకుంటూ పోవడంతో ఈ పేట ఇలా తయారైంది.

చాలా హానోక్ గదుల్లో మంచం ఉండదు. నేల మీద పరుపు వేసుకుని పడుకోవాలి. మనకి కొత్తేం కాదు. చలికాలంలో నేల కిందనుంచి వేడెక్కుతుంది, ఒళ్ళునొప్పులన్నీ తీరిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట వస్తుంటే మాత్రం బుక్ చేసేటప్పుడే మంచం ఉన్న గది అడగండి. స్నానాల గది సొంతమా, ఉమ్మడా అన్నది కూడా చూసుకోండి. గోడలు పలచన, పక్క గదిలో గుసగుసలు కూడా వినిపిస్తాయి. రాత్రి పది దాటాక ఇండియాకి వీడియో కాల్ చేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇద్దరికి గది మామూలు రోజుల్లో 60,000–80,000 వాన్ నుంచి మొదలవుతుంది, శనివారం రాత్రికి రేటు పెరుగుతుంది.

వెళ్ళేముందే తేల్చుకోవాల్సింది: ఏం తింటారు, ఏం తినరు

మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. బిబింబాప్ ఫొటో చూస్తే రకరకాల కూరలు, మధ్యలో గుడ్డు, పక్కన గోచుజాంగ్ అనే ఎర్రటి మిరప ముద్ద. చూడగానే శాకాహారం అనిపిస్తుంది. జొంజు పద్ధతిలో మాత్రం మొదటి మెలిక అన్నంలోనే ఉంది: గొడ్డు ఎముకలు మరిగించిన నీళ్ళతో అన్నం వండడం ఇక్కడి పాత సంప్రదాయం. రెండో మెలిక యుక్‌హ్వే, అంటే సన్నగా తరిగిన పచ్చి గొడ్డు మాంసం. చాలాచోట్ల అది గిన్నెలో మధ్యన ఉంటుంది. యుక్‌హ్వే తీసేయమంటే తీసేస్తారు, కానీ అన్నం వండిన నీళ్ళని తీయలేరు కదా.

అన్నీ తినేవాళ్ళకి ఏ సమస్యా లేదు, నేరుగా తర్వాతి భాగానికి వెళ్ళిపోండి. గొడ్డు మాంసం తిననివాళ్ళు, పూర్తి శాకాహారులు మాత్రం సియోల్‌లో ఉండగానే పపాగోలో రెండు మూడు వాక్యాలు రాసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘నేను గొడ్డు మాంసం తినను. అన్నం మాంసం నీళ్ళతో వండారా, మామూలు నీళ్ళతో వండారా?’ అన్నది మొదటిది. ‘మాంసం, చేప, రొయ్య ఏవీ లేకుండా ఇవ్వగలరా?’ అన్నది రెండోది. నోటితో అనాలంటే ‘సోగోగి ఆన్ మొగొయో’ అంటే గొడ్డు మాంసం తినను, ‘కోగి ప్పె జుసెయో’ అంటే మాంసం తీసేసి ఇవ్వండి. అయితే ‘కోగి’ అన్న మాటలో చేపలు, రొయ్యలు, ఎముకల రసం వస్తాయని వంటవాళ్ళు అనుకోరు. అందుకే విడివిడిగా అడగాలి. కిమ్చీలో కూడా ఎక్కువగా చేపల రసమో, ఉప్పు రొయ్యలో పడతాయి.

ఖరాఖండీగా శాకాహారమే అన్నవాళ్ళు జొంజు రావొద్దని అనను. అయితే ప్రతి పూటా పేరున్న హోటల్‌లోనే తినాలన్న పట్టుదల వదులుకోవాలి. చిలగడదుంపలు, కాల్చిన చెస్ట్‌నట్లు, బియ్యప్పిండి త్తొక్, లోపల బెల్లంపాకం లాంటిది నింపిన హొత్తొక్ ఎక్కడైనా దొరుకుతాయి. సంచీలో కందిపొడి ఉంటే, ప్రతి మూలా ఉండే కన్వీనియన్స్ స్టోర్‌లో మైక్రోవేవ్ అన్నం ప్యాకెట్ కొనుక్కుని ఒక పూట హాయిగా గడిపేయొచ్చు.

శనివారం: దిగగానే బిబింబాప్

పదకొండు లోపు జొంజు చేరేలా రైలు చూసుకోండి. స్టేషన్ నుంచి హానోక్ గ్రామానికి ఐదు కిలోమీటర్ల లోపే, టాక్సీకి 10,000 వాన్ కూడా కాదు. వారాంతాల్లో పేటలోని ముఖ్య వీధుల్లోకి బండ్లని రానివ్వరు కాబట్టి అంచున దిగి సామాను ఈడ్చుకుంటూ నడవాలి. పెద్ద సూట్‌కేసు సియోల్‌లోనే వదిలేసి రండి. గది మధ్యాహ్నం మూడుకి గానీ ఇవ్వరు, సంచులు మాత్రం ముందే అక్కడ పెట్టుకోనిస్తారు.

పన్నెండుకి ముందే హోటల్‌లో కూర్చోవాలి. పన్నెండున్నరకి వరస వీధిలోకి వస్తుంది. బిబింబాప్ బరువైన కంచు గిన్నెలో వస్తుంది. ముందు ఒక నిమిషం ఊరికే చూడండి: పొడవాటి సోయా మొలకలు, పాలకూర, క్యారెట్, పుట్టగొడుగులు, గింక్గో గింజలు, వాటి పక్కన పసుపుపచ్చగా మెరిసే జెల్లీ ముక్కలు. ఈ ముక్కల పేరు హ్వాంగ్‌పోముక్. పెసర పిండితో చేసి గార్డీనియా కాయలతో రంగు వేస్తారు. జొంజు గిన్నె అని గుర్తుపట్టడానికి ఇదొక ఆనవాలు. కలిపేటప్పుడు చెంచాతో గట్టిగా మెదపకండి, అన్నం ముద్దైపోతుంది. చాప్‌స్టిక్స్‌తో కింద నుంచి పైకి తిరగేస్తూ కలిపి, తర్వాత చెంచాతో తినండి. గోచుజాంగ్ చూసి భయపడక్కర్లేదు, మన కారం ముందు అది తియ్యటి పేస్టు. పేరున్నచోట ఒక గిన్నె 15,000 వాన్ దరిదాపుల్లో ఉంటుంది. పక్కన పెట్టే చిన్న చిన్న గిన్నెల కూరలు బాన్‌చాన్. అయిపోతే మళ్ళీ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. టిప్పు ఇచ్చే అలవాటు కూడా లేదు.

తిన్నాక నేరుగా గ్యొంగిజొన్‌కి. జోసొన్ రాజ్యాన్ని 1392లో స్థాపించిన యి సొంగ్గ్యే వంశానికి మూలస్థానం ఈ ఊరే. ఆయన చిత్రపటం ఉంచడానికి 1410లో ఈ మందిరం కట్టారు. ఇప్పుడున్న పటం 1872లో పాతదాన్ని చూసి గీసింది. టికెట్ చాలా తక్కువ. లోపల వెదురు తోపు దగ్గర ఫొటోల కోసం అందరూ గుంపు కడతారు. మీరు మాత్రం ఎత్తైన స్తంభాల మీద నిలబెట్టిన చెక్క గది దగ్గర కాసేపు ఆగండి. అది రాజవంశ చరిత్ర గ్రంథాలు దాచిన భాండాగారం, ఇప్పుడు కనిపించేది తిరిగి కట్టింది. ఆ గ్రంథాల ప్రతులు అప్పట్లో నాలుగు చోట్ల ఉండేవి. 1592లో జపాన్ దండెత్తినప్పుడు మూడు కాలి బూడిదయ్యాయి. జొంజులోని ప్రతిని మాత్రం ఇద్దరు స్థానిక పండితులు, ఆన్ ఉయ్, సోన్ హోంగ్‌నోక్, నేజాంగ్ కొండల్లోకి తరలించి కాపలా కాశారు. జోసొన్ తొలి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఇవాళ చదవగలుగుతున్నామంటే వాళ్ళ చలవే. కొరియాలో పెద్ద పెద్ద రాజభవనాలు చూసినా నాకు ఈ చిన్న గదంత నచ్చలేదు.

గ్యొంగిజొన్ ఎదురుగానే జొన్‌దోంగ్ చర్చి. ఎర్ర ఇటుకలు, గుండ్రటి గోపురాలు, 1914లో పూర్తయింది. 1791లో ఇద్దరు కొరియన్ కాథలిక్కులకి మరణశిక్ష వేసిన చోటు ఇది. పడగొట్టిన కోటగోడ రాళ్ళని చర్చి పునాదికి వాడారు. అక్కణ్ణించి ఐదు నిమిషాలు నడిస్తే పుంగ్‌నమ్‌మున్, పాత కోట నాలుగు ద్వారాల్లో మిగిలిన ఒకే ఒక్కటి. బయటనుంచి చూస్తే చాలు.

కొరియా సంప్రదాయ దుస్తులు హాన్‌బోక్ అద్దెకి తీసుకుని తిరగాలని ఉంటే ఈ మధ్యాహ్నమే తీసుకోండి. రెండు మూడు గంటలకి ఇస్తారు. ముఖ్య వీధి తేజోరోలో కబాబ్ పుల్లలు, ఫొటో బూత్‌లు, ఐస్‌క్రీములు, జనం. ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి నడిస్తే సరిపోతుంది. పక్క సందుల్లోకి తిరిగితే చప్పుడు తగ్గి అసలు పేట కనిపిస్తుంది.

ఎండ దిగేవేళకి ఓమోక్‌దే గుట్ట ఎక్కండి. పది నిమిషాల మెట్లు. 1380లో జపాన్ సముద్రపు దొంగలని ఓడించి తిరిగొస్తూ యి సొంగ్గ్యే తన బంధువులకి విందు చేసింది ఇక్కడే. ఎక్కే దారిలోనే హానోక్ కప్పులన్నీ నల్లగా ఒకదాని మీద ఒకటి వాలినట్టు కనిపిస్తాయి. పైనున్న మండపం కంటే ఆ దారిలోనే ఎక్కువసేపు ఆగుతారు.

శనివారం రాత్రి: తాగేవాళ్ళకో దారి, తాగనివాళ్ళకో దారి

తాగేవాళ్ళు టాక్సీలో సమ్‌చొన్‌దోంగ్ వెళ్ళండి. మక్కొల్లి హోటళ్ళు వరసగా ఉంటాయి. మక్కొల్లి అంటే బియ్యం పులియబెట్టి చేసే, మన కల్లులా తెల్లగా ఉండే మందు. ఇక్కడ విడిగా వంటకాలు ఎంచుకునే పని తక్కువ. ఒక కెటిల్ చెబితే, దాంతోపాటు బల్ల నిండా గిన్నెలు వస్తాయి: చేప వేపుడు, అట్లు, ఉడికించిన పంది మాంసం, పులుసులు. కెటిల్‌లో సాధారణంగా మూడు సీసాల సరుకు ఉంటుంది. రెండో కెటిల్ చెబితే కొత్త వంటకాలు వస్తాయి. ఆ ఆశతోనే అందరూ రెండోది చెబుతారు! తేటదా, చిక్కదా అని అడిగితే తేటది చెప్పండి, కడుపు బరువెక్కదు. ఒక్కరే వెళ్తే గిట్టుబాటు కాదు. కనీసం ఇద్దరుంటేనే వడ్డించే చోట్లు కూడా ఉంటాయి, నలుగురుంటే దివ్యంగా ఉంటుంది.

తాగనివాళ్ళకి, పిల్లలతో వచ్చినవాళ్ళకి పుంగ్‌నమ్‌మున్ పక్కనున్న నంబు సంత. శుక్ర, శనివారాల్లో రాత్రి సంత జరుగుతుంది. మనిషికో ప్లేటు కొనకుండా ఒక్కో స్టాల్‌లో ఒక్కో ప్లేటు తీసుకుని పంచుకోండి, అప్పుడే నాలుగైదు రుచులు చూడగలరు. ‘సున్‌దే’ అని కనిపిస్తే అది పంది పేగులో రక్తం, సేమ్యా కూర్చి చేసేది. ఈ సంతలో దానికి పెద్ద పేరు, పెద్ద వరస కూడా.

ఆదివారం: పొద్దున్నే మొలకల పులుసు

కోంగ్‌నాముల్ గుక్‌పాప్ ఈ ఊరి ఉదయపు తిండి. రాత్రి మక్కొల్లి దిగడానికి ఊరు కనిపెట్టిన మందు అని కూడా అనుకోవచ్చు. సోయా మొలకలు, అన్నం, వేడి పులుసు, అంతే. 8,000 వాన్ అటూఇటూ. రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో మట్టికుండలో అన్నీ కలిపి గుడ్డు వేసి బుడబుడా మరిగించి తెస్తారు. రెండోది నంబు సంత పద్ధతి: గిన్నెలోని అన్నం మీద వేడి పులుసు పోసి వంపి, మళ్ళీ పోసి వంపి వెచ్చబెడతారు. నాలుక కాలదు, మొలకలు కరకరలాడతాయి. నా ఓటు రెండోదానికే.

సంత పద్ధతిలో ఒక చిన్న గిన్నెలో సగం ఉడికిన గుడ్డు వేరేగా వస్తుంది. దాన్ని పులుసులో కుమ్మరించేయకండి. పెద్ద గిన్నెలోంచి రెండు మూడు చెంచాల పులుసు ఆ గుడ్డులో పోసి, పక్కనిచ్చిన నాచు కాగితం గిమ్‌ని చేత్తో చించి వేసి, కలిపి ముందుగా అదే తినేయండి. తర్వాత పులుసు రుచి చూసి, ఉప్పు చాలకపోతే బల్ల మీదున్న ఉప్పు రొయ్యలు కొద్దిగా వేసుకోండి. తోడుగా మోజు ఒక గ్లాసు చెప్పొచ్చు. మక్కొల్లిని అల్లం, దాల్చినచెక్క, జుజుబీ పళ్ళతో బాగా కాచి చేస్తారు. మత్తు దాదాపు ఉండదు, కషాయం వాసన. శాకాహారులకి ఈ పులుసు కుదరదు, అడుగున నెత్తళ్ళో, ఎండు చేపలో ఉంటాయి.

ఇక హ్యాంగ్యో అనే పాత కన్ఫ్యూషియన్ పాఠశాలకి నడవండి. వాకిట్లో వందల ఏళ్ళనాటి గింక్గో చెట్లున్నాయి. నవంబర్ మొదట్లో వాకిలంతా పసుపుపచ్చటి ఆకులు. రాలిన కాయలు తొక్కితే మాత్రం భరించలేని కంపు, బూట్లు చూసుకుని నడవండి. పదిలోపు వెళ్తే జనం ఉండరు. ఇంకా ఓపికుంటే పెద్దరోడ్డు అవతల జామన్ గోడబొమ్మల వీధులున్నాయి. జూలైలో వెళ్ళినవాళ్ళు వాటికి బదులు టాక్సీలో తొక్‌జిన్ పార్కుకి పోయి తామర పూలు చూడటం నయం.

మధ్యాహ్నం రెండు, మూడు గంటల రైలుకి తిరుగు టికెట్ ఉంటే సుఖం. సాయంత్రం ఐదు తర్వాత సియోల్ రోడ్డు నిండిపోతుంది, బస్సులో వెళ్ళేవాళ్ళకి గంట అదనం. వెళ్ళేముందు బేకరీలో జొంజు చోకోపై కొనండి. మామూలు ప్యాకెట్ చోకోపై కాదిది, మధ్యలో క్రీము, జామ్, వాల్‌నట్ ముక్కలు ఉండే బరువైన కేకు. గుడ్డు ఉంటుంది. రైల్వే స్టేషన్‌లో కొందాంలే అని వదిలేయకుండా, సంచులు తెచ్చుకోడానికి వెనక్కి వచ్చినప్పుడే హానోక్ గ్రామంలో తీసుకోండి. ఇండియాకి తెచ్చే ఉద్దేశం ఉంటే గడువు తేదీ చూసి కొనాలి, ఎక్కువ రోజులు నిలవుండే సరుకు కాదు.